మోతను తూచి కనకమంటారా?

వృత్తి నిపుణుల ఆన్‌లైన్ సమూహాల్లో సభ్యుడి పేరు పక్కన అంకెలు వేలాడదీయడం ఇప్పుడు మామూలైపోయింది. డేటాబేసుల్లో 81, నెట్‌వర్క్ భద్రతలో 34, ప్రాజెక్టు నిర్వహణలో 67. దీనికి అంశంవారీ పలుకుబడి స్కోరు అని పేరు. సమూహం లోపల సరదాగా సాగినన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడది గడప దాటింది. ఉద్యోగాల వడపోతలో, సదస్సులకు వక్తలను పిలిచేటప్పుడు, సలహాదారుల ఫీజు బేరాల్లో ఈ అంకెను చూసే అలవాటు పాకుతోంది. ఇంతకీ ఆ 81 దేన్ని కొలిచిన అంకె? సందడిని. కొలిచింది సందడి, పైన అంటించిన చీటీ మీద మాత్రం నైపుణ్యమని ఉంది.

స్కోరు తయారయ్యే తీరులో బ్రహ్మరహస్యమేమీ లేదు. సభ్యుడు రాసిన ప్రతి ముక్కకూ మొదట అంశం ముద్ర పడుతుంది. ట్యాగ్ ఉంటే దాన్నిబట్టి, లేకపోతే అందులోని పదాలను చూసి యంత్రం ఊహించినదాన్నిబట్టి. ఆ తర్వాత స్పందనల లెక్క. లైకుకు కొంత బరువు, వ్యాఖ్యకు అంతకంటే ఎక్కువ, నలుగురికీ పంచితే ఇంకా ఎక్కువ. స్పందించినవాడి స్కోరు పెద్దదైతే అతడి లైకు కూడా బరువెక్కుతుంది. వెబ్ పేజీలను వరుస పెట్టడానికి 1998లో వచ్చిన గూగుల్ పద్ధతి పేజ్‌ర్యాంక్ ఆలోచనే ఇది; దాన్ని అంశాలవారీగా విడదీసిన రూపం 2002లో వచ్చింది. పాత స్పందనల విలువ రోజులు గడిచేకొద్దీ అరుగుతుంది. చివరికి ఆ అంశంలో ఉన్న అందరినీ వరుసలో నిలబెట్టి 0 నుంచి 100 లోపు ఒక అంకె చేతిలో పెడతారు. ఇన్ని మెట్లున్నాయి గదా, ‘రాసింది నిజమేనా’ అని అడిగే మెట్టు ఎక్కడుంది? ఎక్కడా లేదు.

మొదటి మెట్టే జారుడు. ఫలానా డేటాబేసుకు రాత్రి బ్యాకప్ అక్కర్లేదని ఒకరు రాశారనుకుందాం. నలభై మంది వచ్చి, అలా చేస్తే మునిగిపోతారని చీవాట్లు పెట్టారు. యంత్రానికి కనిపించేది డేటాబేసు అన్న పదం, దానికింద 40 వ్యాఖ్యలు. వ్యాఖ్యకు బరువుంది గానీ అది మెప్పా, తిట్టా అన్న తేడాకు బరువు లేదు. దాంతో తప్పు చెప్పినవాడి స్కోరు పెరుగుతుంది. ఆ నలభై మందిలో ఓపిగ్గా కారణాలు రాసి సరిదిద్దిన మనిషికి దక్కేది రెండో మూడో లైకులు.

తర్వాత ముఠాల సంగతి. పన్నెండు మంది ఒప్పందం చేసుకుని రోజుకొక పోస్టు చొప్పున వేసి, మిగతా 11 మంది పోస్టులకు స్పందిస్తే సాయంత్రానికి 132 స్పందనలు. 30 రోజులకు 3,960. ఒకరి స్కోరు పెరిగితే అతడి లైకు బరువు పెరిగి మరొకరిని లేపుతుంది, ఆ మరొకరు మళ్లీ ఇతణ్ని లేపుతారు. దీన్ని పట్టుకోవడానికి మహా విజ్ఞానం అక్కర్లేదు. ఒక సభ్యుడికి వచ్చిన స్పందనల్లో ఇచ్చిపుచ్చుకున్నవి ఎంత వాటాయో చూసి, ఆ వాటా మితిమీరితే బరువు కోస్తే సరిపోతుంది. కానీ కోస్తే సందడి తగ్గుతుంది. ఇబ్బందల్లా అక్కడే ఉంది.

అరుగుదల లెక్క ఇంకా క్రూరమైనది. స్పందనల విలువ 90 రోజులకు సగమయ్యేలా పెట్టారనుకోండి. ప్రసూతి సెలవో, జబ్బో, లేక ఊపిరాడని అసలు పనో వచ్చి 180 రోజులు మౌనంగా ఉన్న నిపుణురాలి పాత స్పందనల్లో మిగిలేది నాలుగో వంతు. ఆరు నెలల్లో ఆమె నేర్చుకున్నదంతా మరిచిపోయిందా? ఆమె నోరు మూసుకుంది, అంతే. మళ్లీ అదే మాట చెప్పాల్సి వస్తోంది, కొలిచింది సందడినే.

ఇక వరుసల మాయ. 40 మంది మాత్రమే రాసే అంశంలో ‘తొలి 5 శాతం’ అంటే ఇద్దరు. 40,000 మంది ఉన్న అంశంలో అదే మాటకు 2,000 మంది. రెండింటికీ ఒకే పతకం. ముగ్గురు ఓటేసి ముగ్గురూ బాగుందంటే 100 శాతం, వంద మందిలో 90 మంది బాగుందంటే 90 శాతం. పచ్చి శాతాలతో వరుస పెడితే మొదటివాడే పైన కూర్చుంటాడు. గణాంకవేత్త ఎడ్విన్ విల్సన్ 1927లోనే దీనికి విరుగుడు సూత్రం ఇచ్చారు. 95 శాతం నమ్మకంతో కింది హద్దు, అంటే అసలు మెప్పు కనీసం ఎంత ఉండొచ్చో లెక్కకడితే ముగ్గురి మెప్పు దాదాపు 44 శాతానికి దిగుతుంది, వంద మందిది దాదాపు 83 దగ్గర నిలబడుతుంది. నాలుగు వరుసల కోడ్ పని. అది కూడా చేయని చోట నైపుణ్యం అన్న మాట నోటికెలా వస్తుందో!

నిబంధనలు బాహాటంగా పెట్టిన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో కొంత మెరుగు. జవాబుకు అనుకూల ఓటు పడితే 10, అడిగినవాడు ఆమోదిస్తే 15, వ్యతిరేక ఓటుకు 2 కోత, రోజుకు ఓట్ల మీద 200 పరిమితి. ఒక ట్యాగులో కనీసం 200 జవాబులు రాసి వాటి మీద 1,000 ఓట్ల స్కోరు తెచ్చుకుంటే బంగారు బ్యాడ్జి. ఇక్కడైనా తప్పుకు కోత ఉంది, మెచ్చదగ్గ విషయమే. అయినా కోడ్ మార్పుల చిట్టా ఉంచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో చివరి కమిట్‌ను, అంటే చివరగా నమోదు చేసిన మార్పును, వెనక్కి తీసుకోవడమెలా అన్న తేలిక ప్రశ్న కింద వేల ఓట్లు పడ్డాయి. ప్రోగ్రామ్ వాడిన మెమొరీని వదలకుండా పట్టుకుని కూర్చునే లోపం, మెమొరీ లీకు, ఎక్కడుందో రెండు రోజులు తవ్వి చెప్పిన జవాబును చూసేదే పదిమంది, ఓటు ఎన్నని పడుతుంది? పైగా బంగారు బ్యాడ్జి వచ్చినవారు ఆ ట్యాగులో ఇతరుల ప్రశ్నను పాతదానికి నకలు అంటూ ఒక్క ఓటుతో మూసేయగలరు. అంకె ఇక్కడ అధికారం కూడా అయింది.

ఈ ఆట కొత్తదేమీ కాదు. క్లౌట్ అనే సంస్థ మనుషుల పలుకుబడికి 100కి మార్కులు వేసింది, అంశాలు కూడా అంటగట్టింది. 2012 ఆగస్టులో లెక్క మార్చేదాకా అందులో గాయకుడు జస్టిన్ బీబర్‌ది అమెరికా అధ్యక్షుడు ఒబామా కంటే పైచేయి. మార్చాక ఒబామాకు 99, బీబర్‌కు 92. మనుషులు వాళ్లే, జల్లెడ మారిందంతే. 2018 మే 25న క్లౌట్ మూతపడింది. పరిశోధకుల సమూహం రీసెర్చ్‌గేట్ వారి ఆర్‌జీ స్కోరు సూత్రమైతే ఎన్నడూ పూర్తిగా బయటపెట్టలేదు. పరిశోధన పత్రాల జోలికి పోకుండా ప్రశ్నోత్తరాల హడావుడితోనే పెద్ద స్కోరు కొట్టవచ్చని 2017లో పరిశోధకులు చూపారు. అది 2022లో పోయింది. ఉద్యోగ పరిచయాల వేదిక లింక్డ్‌ఇన్ 2023లో తెచ్చిన అంశంవారీ బంగారు బ్యాడ్జి 2024లో ఆగిపోయింది. ఏఐ మొదలుపెట్టిన వ్యాసాలకు సభ్యులు ముక్కలు జోడిస్తే వచ్చేదది. ఆ ముక్కల్ని కూడా ఏఐ చేతే రాయించుకున్నారని గోల. మూడుసార్లు కాలినా చెయ్యి మళ్లీ పొయ్యిలోకే పోతోంది.

వేల మంది మధ్యలో ఎవరి మాట వినాలో కొత్తవారికి ఏదో ఒక గుర్తు కావాలి కదా అనేవారున్నారు. కావాలి, కాదనం. గుర్తు పెట్టండి, దాని మీద సరైన పేరు రాయండి. ‘ఈ అంశంలో ఎక్కువగా స్పందనలు పొందిన సభ్యుడు’ అని రాస్తే ఎవరికీ పేచీ లేదు. కానీ అలా రాస్తే ఆ చీటీని ఎవరూ కొనరు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఏ స్పందనకు ఎంత బరువో, విలువ ఎన్ని రోజులకు సగమవుతుందో ప్రకటించాలి. స్కోరు పక్కనే అది ఎన్ని జవాబుల మీద, ఎంతమంది తీర్పు మీద నిలబడిందో చూపాలి. తప్పని తేలిన జవాబు తెచ్చిన మార్కులు వెనక్కి తీయాలి. అంశం ముద్ర తప్పుగా పడితే సభ్యుడే చెరిపేసుకునే వీలుండాలి, మొత్తం స్కోరునే దాచుకునే హక్కు ఉండాలి. అన్నిటికంటే ముందు, నియామక సంస్థలకు ఈ అంకెల్ని అమ్మే దుకాణం కట్టేయాలి. ఒక్కసారి ఒక ఉద్యోగం ఈ అంకె మీద ఇస్తే రేపు ప్రతి దరఖాస్తు దానికోసం చేయి చాస్తుంది, ఎల్లుండి ప్రతి ఉద్యోగీ పని మానేసి పోస్టులు వేస్తాడు.

స్కోర్లు వేసే సంస్థలకు ఈ పత్రిక ప్రశ్న ఒక్కటే. మీ సర్వర్ అర్ధరాత్రి కుప్పకూలితే, దాన్ని లేపడానికి మీ జాబితాలో 81 ఉన్నవాణ్ని పిలుస్తారా, లేక ఆ సర్వర్‌ను మూడేళ్లుగా చూసుకుంటూ మీ సమూహంలో ఒక్క ముక్కా రాయని ఇంజనీరును పిలుస్తారా? రెండోవాణ్నే అయితే, ఆ 81 తెచ్చి పక్కవాడి దరఖాస్తు మీద ఏ మొహం పెట్టుకుని అంటిస్తున్నారు?