ట్యూడర్ అన్నది తాత పేరు, ఇంటిపేరు కాదు

ఇంగ్లండును ఏలిన ట్యూడర్లు ఊరూ పేరూ లేని ఒక సేవకుడి సంతతివారనీ, ట్యూడర్ అన్నది వారికి అనాదిగా వస్తున్న ఇంటిపేరనీ, ఆ పేరున్న వేల్స్ కుటుంబాలన్నీ ఎనిమిదో హెన్రీకి దాయాదులేననీ, ఆ వంశవృక్షం ఏడో శతాబ్ది రాజు కడ్వలాడర్ దాకా రుజువైందనీ చెప్పే రాత ఒకటి విస్తృతంగా ప్రచారమవుతోంది. ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

ముందు ఇంటిపేరు సంగతి. మధ్యయుగపు వేల్స్‌లో తరతరాలూ నడిచే ఇంటిపేరు లేదు. మనిషి పేరు తరువాత ‘ఆప్’ అని, అంటే ఫలానావారి కొడుకని, తండ్రి పేరునూ తాత పేరునూ చేర్చి చెప్పేవారు. ట్యూడర్ వంశపు తొలి రాజు ఏడో హెన్రీకి తాత, ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ వితంతువు కేథరిన్‌ను పెళ్ళాడిన వ్యక్తి అసలు పేరు ఓవైన్ ఆప్ మరెడిద్ ఆప్ టిడిర్, అంటే టిడిర్ కొడుకైన మరెడిద్ కొడుకు ఓవైన్. ఇంగ్లీషు రాతల్లో తండ్రి పేరు జారిపోయి తాత పేరైన టిడిర్ మిగిలి, అదే ట్యూడర్‌గా మారింది. తండ్రి పేరే నిలిచి ఉంటే ఈనాడు మనం మెరెడిత్ రాజవంశం గురించి చదువుకునేవాళ్ళం. ఈ ఒక్క పద్ధతి తెలియకుండా ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెతికితే రెండు మూడు తరాల్లోనే దారి తప్పుతాము.

దీన్నిబట్టే దాయాదుల మాట కూడా తేలిపోతుంది. టిడిర్ ఎవరైనా కొడుక్కి పెట్టుకోగల మామూలు పేరు. ఆప్ రీస్ నుంచి ప్రైస్, ఆప్ హవెల్ నుంచి పావెల్ అనేక ఇళ్ళలో విడివిడిగా పుట్టినట్టే ట్యూడర్ కూడా పుట్టింది.

ఇక సేవకుడన్న మాట నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది. ఓవైన్ పూర్వికుడు ఎడ్నవెడ్ వఖన్ ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ రాజ్యాన్ని ఏలిన లెవెలిన్ మహారాజుకు ప్రధానోద్యోగిగా పనిచేసి 1246లో మరణించాడు. ఓవైన్ పెదనాన్న గొరొన్వి, ఆయన భార్య రాతిశిల్పాలు ఆంగ్లసీ ద్వీపంలోని పెన్మనిద్ చర్చిలో సమాధిపై నేటికీ పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. సేవకుల ఇళ్ళవారికి అటువంటి సమాధులు కట్టలేదు. ఆ కుటుంబం చితికిపోయింది తిరుగుబాటు వల్ల. ఓవైన్ చిన్నాన్నలో పెదనాన్నలో అయిన రీస్, గ్విలిమ్ ఇంగ్లండు పాలనపై వేల్స్ తిరుగుబాటును నడిపిన తమ బంధువు ఓవైన్ గ్లిన్‌డూర్ పక్షాన నిలిచి, 1401 గుడ్‌ఫ్రైడే నాడు కాపలావారు ప్రార్థనకు వెళ్ళిన వేళ కాన్వీ కోటను పట్టుకున్నారు. రీస్ 1412లో మరణశిక్షకు గురయ్యాడు.

కడ్వలాడర్ మాటకు మూలం రాజకీయం. 1485లో బాస్వర్త్ యుద్ధంలో గెలిచి రాజైన ఏడో హెన్రీకి సింహాసనంపై హక్కు బలహీనం కనుక, కడ్వలాడర్ గుర్తుగా చెప్పుకునే ఎర్ర డ్రాగన్ జెండాతో పాటు ప్రాచీన బ్రిటన్ రాజుల వారసత్వమూ ఆయనకు అవసరమైంది. వేల్స్ చట్టంలో భూమి వాటాకూ, హత్యకు చెల్లించే పరిహారానికీ బంధుత్వమే ఆధారం కాబట్టి అక్కడి వంశావళులను కట్టుకథలని కొట్టిపారేయలేము. అయితే ఎడ్నవెడ్ దగ్గర నుంచి కిందికి సమకాలీన పత్రాలు తోడు నిలుస్తాయి, ఆయన పైతరాలకు వెళ్ళేకొద్దీ వంశావళి తప్ప వేరే సాక్ష్యం దొరకదు.