గీతంటే అంత చులకనా?

"బొమ్మలు నేర్చుకునేవారు ముందు షేడింగ్ పట్టాలి. అంచుల వెంట గీతలు గీయడం చిన్నపిల్లల పని. కాగితం చూడకుండా గీయడం కాలక్షేపం. ఫోటో మీద ట్రేసింగ్ చేసినా అదే వస్తుంది." ఈ సందేశం నా ఫోనుకే నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. పంపినవారిలో ఒక డ్రాయింగ్ మాస్టారు కూడా ఉన్నారు, అందుకే ఈ జవాబు.

పిల్లల పని అన్నారు. పిల్లవాడు చెయ్యి గీస్తే ఇడ్లీకి ఐదు అరటిపళ్లు అతికించినట్టు ఉంటుంది. చేతికి ఐదు వేళ్లని వాడికి తెలుసు, తెలిసింది గీస్తాడు. అంచుల వెంట గీసే ఈ గీతకు, అంటే కాంటూర్ గీతకు, చూసింది కావాలి. ఒక అల్లం కొమ్ము ముందు పెట్టుకోండి. బయటి అంచు ఒక్కటే చుట్టి వస్తే మిగిలేది నీడబొమ్మ. ఒక కణుపు ఇంకో కణుపు ముందుకు వచ్చిన చోట గీత లోపలికి దూరి, కొంత దూరం పోయి, ఒంపు సమసిన చోట ఆగిపోవాలి. ఎక్కడ ఆగాలో అల్లాన్ని చూస్తేనే తెలుస్తుంది.

కాగితం చూడకుండా గీయడమంటారా, న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠాలు చెప్పిన కీమాన్ నికొలాయిడీస్ దీన్నే తొలి అభ్యాసంగా పెట్టారు. ఆయన పోయాక, 1941లో ఆ పాఠాలు పుస్తకంగా వచ్చాయి. పెన్సిల్ మొన కాగితాన్ని కాక వస్తువునే తాకుతోందని అనుకుంటూ, కన్ను కదిలినంత నెమ్మదిగా చేతిని కదపాలి. బొమ్మ వికారంగా వస్తుంది, నిజమే. నా ఎడమ చెయ్యి గీస్తే బొటనవేలు మణికట్టు కంటే లావుగా వచ్చింది, చిటికెన వేలు కాగితం దాటి బల్ల మీదికి పోయింది. కానీ వేలి కణుపు మీది ముడతలు గీతల్లా కాక, చిన్న చిన్న కండెల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయని ఆ రోజే చూశాను. బస్కీలు తీసేవాణ్ణి పట్టుకుని "ఇంతసేపూ ఎక్కడికీ చేరలేదేం?" అని అడుగుతామా?

ట్రేసింగ్ గురించి ఒక్క మాట. డిజైన్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి దింపడానికి అది పనికొస్తుంది. చూడటం మాత్రం కెమెరా ఎప్పుడో ముగించేసింది.

ఇక షేడింగే ముందనేవారు శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల దగ్గర కాసేపు కూర్చోవాలి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కాల్చిన చింతపుల్లతో రూపం గీస్తారు. తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టి చేసిన కసిమి అనే నల్లరంగులో వెదురు కలం ముంచి ఆ గీతను స్థిరపరుస్తారు. అది చెరిపితే పోదు. రంగులు వచ్చేది ఆ తర్వాతే. అలాగని షేడింగ్ అక్కర్లేదని కాదు. ఏళ్ల తరబడి గీత దగ్గరే ఆగిపోతే వెలుగునీడలు పట్టుబడవు, ఆ మాట ఒప్పుకుంటాను.

మాస్టారికి నా చేతి బొమ్మ పంపాను. చిటికెన వేలు ఏదని అడిగారు. బల్ల ఫోటో పంపాను.