బ్యాటర్‌సీలో చిమ్నీలైనా ఉన్నాయి, పాల్వంచలో ఆ పాత టవర్లు కూడా లేవు

మొన్న ఒక గ్రూపులో ఎవరో లండన్ బ్యాటర్‌సీ పవర్ స్టేషన్ ఫొటో పెట్టి, "పాత కట్టడాలను ఎలా కాపాడుకోవాలో వీళ్ళను చూసి నేర్చుకోవాలి" అని రాశారు. కింద చప్పట్లే చప్పట్లు. నేనుండేది ఆ చిమ్నీలకు బస్సులో ఇరవై నిమిషాల దూరంలో. పుట్టి పెరిగింది తెలంగాణలోని పాల్వంచలో, కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) కాలనీలో. ఆరేసిన బట్టల మీద బూడిద దులుపుకుని మడతపెట్టుకున్న ఇల్లు మాది. అందుకే ఈ విషయం నేను ఊరికే వదల్లేను. నేర్చుకోవాల్సింది ఉంది. కానీ ఆ ఫొటోలో కనపడేది కాదు.

బ్యాటర్‌సీని 1929లో కట్టడం మొదలుపెట్టారు, 1933కల్లా కరెంటు వచ్చింది. మొదట సగం భవనమే. పక్కనే రెండో సగం లేచి, నాలుగో చిమ్నీ పూర్తయ్యేసరికి 1955. బయటి రూపం దిద్దింది గైల్స్ గిల్బర్ట్ స్కాట్, లండన్ ఎర్ర టెలిఫోన్ బూత్ కూడా ఆయనదే. 60 లక్షల ఇటుకలు పట్టాయంటారు. బాగా నడిచిన రోజుల్లో లండన్ వాడే కరెంటులో ఐదో వంతు ఇక్కడినుంచే వెళ్ళేది. బొగ్గు థేమ్స్ నది మీద ఓడల్లో వచ్చేది, ఆ ఓడలు వంతెనల కింద దూరడానికి తమ పొగగొట్టాన్ని వాల్చేవి. వృథాగా పోయే వేడిని నది కింద పైపుల్లో అవతలి ఒడ్డున పిమ్లికోలోని కౌన్సిల్ ఇళ్ళకు పంపేవారు, 1950 నుంచి. పొగ మీద పడేది ఊరివాళ్ళకే, వేడి నీళ్ళూ ఊరివాళ్ళకే.

1975లో ఒక సగం, 1983లో రెండో సగం మూతపడ్డాయి. ఈ మధ్యలో 1980లో ప్రభుత్వం దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ ఒక్క పని జరగకపోయి ఉంటే ఈ రోజు ఫొటో తీసుకోడానికి ఇటుక ముక్క మిగిలేది కాదు.

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు కడుపు మండిపోతుంది. థీమ్ పార్కు కడతామని ఒకాయన ముందుకొచ్చాడు. 1988లో సాక్షాత్తూ ప్రధాని థాచర్ వచ్చి పని మొదలుపెట్టించింది. లోపలి యంత్రాలు బయటికి తీయడానికి పైకప్పు లేపేశారు, పడమటి గోడ పడగొట్టారు. 1989లో డబ్బు అయిపోయింది, పని ఆగిపోయింది. ఆ ఉక్కు మీద, ఆ ఇటుక మీద ఏళ్ళకేళ్ళు వాన కురిసింది. 1993లో కొత్త యజమానులు, 2006లో మళ్ళీ కొత్త యజమానులు, కొత్త ప్లాన్లు, కొత్త వాగ్దానాలు, ఆఖరికి అప్పులు. వచ్చినవాళ్ళు వచ్చారు, పోయినవాళ్ళు పోయారు. 1983 నుంచీ ఈ కట్టడాన్ని కాపాడమని వదలకుండా వెంటపడింది స్థానికులు పెట్టుకున్న కమ్యూనిటీ గ్రూపే. మనం నేర్చుకోవాల్సింది వాళ్ళ దగ్గర. ముప్ఫై ఏళ్ళు ఒకే మాట మీద నిలబడ్డారు.

2012లో 40 కోట్ల పౌండ్లకు మలేషియా సంస్థలు కొన్నాయి. అందులో ఆ దేశపు ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ కూడా ఉంది, మన ఈపీఎఫ్ లాంటిదే. తుప్పు పట్టిన నాలుగు చిమ్నీలనూ విప్పి, 2014 నుంచి 2017 దాకా మళ్ళీ అచ్చంగా అలాగే కట్టారు. పని గొప్పగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. 2022 అక్టోబరులో జనానికి తెరిచారు. లోపల ఏముంది? షాపులు, యాపిల్ ఆఫీసు, మామూలు జీతగాళ్ళు కలలో కూడా కొనలేని ఫ్లాట్లు. చిమ్నీలో లిఫ్టు, దానికి టికెట్టు. మొత్తం ప్రాజెక్టులో నాలుగు వేలకు పైగా ఇళ్ళు. అందులో తక్కువ ఆదాయం వాళ్ళకోసం 636 ఇస్తామన్నారు. 2017లో ఖర్చులు పెరిగాయని 386కి కోసేశారు. కౌన్సిల్ ఒప్పుకుంది. మలేషియా కార్మికుల పొదుపు డబ్బుతో లేచిన భవనంలో లండన్ కార్మికుడికి గది లేదు!

పోయినేడాది మా నాన్నను అక్కడికి తీసుకెళ్ళాను. కేటీపీఎస్ కంట్రోల్ రూములో ఆయనవి ముప్ఫై ఏళ్ళ షిఫ్టులు. టర్బైన్ హాల్లోకి అడుగుపెట్టగానే తలెత్తి పైనున్న పాత క్రేన్ చూశారు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఇంతకీ టర్బైన్ ఏడుందమ్మా?" అని అడిగారు. ఆ చోట వాచీల షాపు ఉంది. రెండో కంట్రోల్ రూముని ఇప్పుడు బార్ చేశారు. స్టీలు ప్యానెళ్ళు, డయళ్ళు అలాగే ఉంచారు. నాన్న జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఒక్కో డయల్ దగ్గరా ఆగి చదివారు. సెట్టుని (టర్బైన్, జనరేటర్ జతని) గ్రిడ్డుకి ఎలా కలిపేవారో నాకు చేత్తో చూపించారు: సింక్రోస్కోప్ (సెట్టు, గ్రిడ్డు ఒకే లయలో ఉన్నాయో లేదో చూపే డయల్) ముల్లు నెమ్మదిగా తిరుగుతూ పన్నెండు గంటల దగ్గరికి రావాలి, సరిగ్గా అప్పుడే బ్రేకర్ (పెద్ద స్విచ్చు) వెయ్యాలి, తొందరపడితే కొంప మునుగుతుంది. గ్లాసులు తుడుస్తున్న కుర్రాడు కూడా ఆగి చూశాడు. ఆ గది కట్టినందుకు ఆ ఐదు నిమిషాలూ న్యాయం జరిగిందనిపించింది నాకు.

మరి వేరే దారి లేదా అంటే, అదే ఊళ్ళో, అదే నది ఒడ్డున ఉంది. బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్. అదీ స్కాట్ గారిదే, 1981లో మూతపడింది. 2000లో టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంగా తెరిచారు. ఆ టర్బైన్ హాల్లోకి ఎవరైనా ఊరికే వెళ్ళొచ్చు. స్కూలు పిల్లలు నేల మీద పడి దొర్లుతుంటారు. మా నాన్న కూడా ఆ నేల మీదే కూర్చుని అరగంట విశ్రాంతి తీసుకున్నారు, ఎవరూ లేవమనలేదు.

ఇక మన సంగతి. నిజాం కాలంలో హుస్సేన్ సాగర్ ఒడ్డునే థర్మల్ స్టేషన్ ఉండేదని హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు? కూల్చేశారు, గుర్తు కూడా లేదు. కేటీపీఎస్ పాత ప్లాంటు 1966లో మొదలైంది. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్ళు. దాన్ని మూసేయడం తప్పని నేననను. ముసలి యంత్రాలు, ఊపిరాడని బూడిద, అది మాకే బాగా తెలుసు. కానీ 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లనూ (వేడి నీళ్ళు చల్లార్చే పెద్ద గోపురాలు) పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. కొన్ని సెకన్లు, అంతే. ఊరికి ఎటునుంచి వచ్చినా ముందు కనపడేవి అవే. బస్సులో నిద్రపోతున్న పిల్లల్ని మా అమ్మ "టవర్లొచ్చినయ్, లేవండి" అని లేపేది. ఎనిమిదింటిలో ఒక్కటి ఉంచితే ఏం పోయేది? ఒక్క కంట్రోల్ రూముకి తాళం వేసి ఉంచి, ఆదివారాలు మా నాన్నలాంటి వాళ్ళ చేత పిల్లలకు చూపిస్తే ఎంత ఖర్చవుతుంది? దానికి 40 కోట్ల పౌండ్లు అక్కర్లేదు.

రామగుండంలో 1971 నాటి 62.5 మెగావాట్ల పాత థర్మల్ యూనిట్ కూడా 2024లోనే ఆగిపోయింది. అక్కడ పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక్కటే మనవి. కంట్రోల్ ప్యానెళ్ళు తుక్కుకి పోకముందే ఉంచమని అర్జీ పెట్టండి, సంతకం నేనూ పెడతాను. ఇంట్లో పాత లాగ్ షీట్లు, షిఫ్టు డైరీలు, యూనిట్ ముందు నిలబడి తీయించుకున్న గ్రూపు ఫొటోలు ఉంటే పారేయకండి. మా నాన్న డైరీలు పదకొండు ఉన్నాయి. స్కాన్ చేయడం మొదలుపెట్టాను.