సొంత జట్టును గేలి చేసే ముందు, కోపం ఎవరి మీదో తేల్చుకుందాం

సొంత జట్టు ఆడుతున్నప్పుడు ప్రేక్షకులు గేలి చేయవచ్చా అన్న చర్చ ప్రతి సీజన్‌లోనూ మొదలవుతుంది, ప్రతిసారీ రెండు వాదనల దగ్గరే ఆగిపోతుంది. టికెట్టు కొన్నవాడికి తన అసంతృప్తిని చెప్పుకునే హక్కు ఉందని ఒక పక్షం అంటే, నిజమైన అభిమాని గెలుపోటములతో నిమిత్తం లేకుండా జట్టు వెంట నిలబడాలని మరో పక్షం అంటుంది. ఆ హక్కును నేను కాదనను. ఏం చేసినా చప్పట్లు కొట్టే ప్రేక్షకులు దొరికితే యాజమాన్యాలకు అంతకన్నా సుఖం ఉండదు. నన్ను బాధించేది ఆ హక్కును మనం వాడుతున్న చోటు. వేల గొంతులు ఒక్కసారిగా లేచినప్పుడు ఆ అరుపు అసలు కారకుడిని వెతుక్కుంటూ వెళ్లదు. ఆ క్షణాన కళ్లెదుట ఉన్న ఆటగాడి మీద పడుతుంది.

2024 ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యా విషయంలో జరిగింది ఇదే. ముంబయి ఇండియన్స్‌కు ఐదు టైటిళ్లు అందించిన రోహిత్ శర్మను పక్కనపెట్టి, గుజరాత్ టైటాన్స్ నుంచి అప్పుడే వెనక్కు తెచ్చుకున్న హార్దిక్‌కు పగ్గాలు అప్పగిస్తున్నట్లు ఫ్రాంచైజీ 2023 డిసెంబరులో ప్రకటించింది. ఆ నిర్ణయం అభిమానులకు నచ్చకపోవడంలో వింత లేదు. అయితే దాన్ని తీసుకున్నవారెవరూ టాస్ వేయడానికి మైదానం మధ్యకు రారు. 2024 ఏప్రిల్ 1న రాజస్థాన్ రాయల్స్‌తో మ్యాచ్ కోసం, కెప్టెన్‌గా వాంఖడేలో తొలిసారి అడుగుపెట్టిన హార్దిక్‌ను సొంత ప్రేక్షకులే గేలి చేశారు. వారిని మర్యాదగా ఉండమని వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్ అడగవలసి వచ్చింది. ఎవరి తరఫున ఆ కోపమంతా వచ్చిందో ఆ రోహితే, ఫీల్డింగ్ చేస్తూ, ఇక ఆపమని ప్రేక్షకులకు చేతులతో సైగ చేశాడు. అదే నెలలో ప్రత్యర్థి జట్టు ఆటగాడిగా వచ్చిన విరాట్ కోహ్లి కూడా అదే పని చేశాడు. ఆ సీజన్‌లో ముంబయి పట్టికలో అట్టడుగున మిగిలింది. గేలి ఒక్కటే దానికి కారణమని నేను అనను, కానీ గేలి వల్ల జట్టుకు ఒరిగిందేమిటో ఇప్పటికీ ఎవరూ చూపించలేకపోయారు.

తర్వాతి కథ అందరికీ గుర్తుండే ఉంటుంది. జూన్ 29న బార్బడోస్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్ ఫైనల్లో చివరి ఓవర్ హార్దిక్ వేశాడు. దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. మొదటి బంతికే డేవిడ్ మిల్లర్ కొట్టిన షాట్‌ను సూర్యకుమార్ యాదవ్ బౌండరీ అంచున పట్టుకున్నాడు, భారత్ ఏడు పరుగుల తేడాతో గెలిచింది. జులై 4న, విజయోత్సవం కోసం నిండిపోయిన అదే వాంఖడే హార్దిక్ పేరుతో మార్మోగింది. దీన్ని చాలామంది చక్కని ముగింపుగా చెప్పుకుంటారు గానీ, నాకు మాత్రం ఈ కథలో అన్నిటికన్నా కలవరపెట్టే భాగం ఇదే. ఆ క్యాచ్ కొద్దిలో తప్పి సిక్సర్ అయి ఉంటే? ఏప్రిల్‌లో అతనికి జరిగినది అప్పుడు న్యాయమైపోయేదా? ఒక మనిషి కనీస మర్యాదకు అర్హుడా కాదా అన్నది, వేరొకరి కాలు బౌండరీ తాడుకు ఎంత దూరంలో పడిందన్న దాన్ని బట్టి తేలకూడదు. చివరకు కప్పు తెచ్చాడు కాబట్టి మనం తప్పు చేశామని ఒప్పుకోవడం కూడా ఆ గేలికి కొనసాగింపే, ఎందుకంటే కొలబద్ద మారలేదు.

అలాగని ప్రేక్షకులు నోరెత్తిన ప్రతిసారీ వారిదే తప్పని నేను అనుకోను. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో, జూన్ 18న కేప్‌టౌన్‌లో అల్జీరియాతో ఇంగ్లండ్ ఒక్క గోలూ లేకుండా డ్రా చేసుకున్నప్పుడు, అంత దూరం వెళ్లిన ఇంగ్లండ్ అభిమానులు ఆట ముగిశాక గట్టిగానే తమ అసంతృప్తిని వినిపించారు. సొంత అభిమానులే గేలి చేస్తుంటే చూడటానికి ఎంత బాగుందోనని ఇంగ్లండ్ ఆటగాడు వేన్ రూనీ కెమెరా వైపు తిరిగి దెప్పిపొడిచి, ఆ తర్వాత క్షమాపణ చెప్పాడు. ఆ సందర్భంలో నేను అభిమానుల పక్షమే. తొంభై నిమిషాలూ చూశారు, ఆట ముగిశాక మొత్తం జట్టు మీద తీర్పు చెప్పారు. ఆట సాగుతుండగా తడబడుతున్న ఒక్కడిని ఎంచుకుని, అతని కాలికి బంతి తగిలిన ప్రతిసారీ అరవడం వేరు. మొదటిది విమర్శ. రెండోది మన జట్టు ఆడుతున్న ఆటలో మనమే అడ్డుపడటం.

ప్రేక్షకుల అరుపు ఆటను మార్చదని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం. జట్టుకు అదనపు ఆటగాడు అభిమానేనని గర్వంగా చెప్పుకునేది మనమే. 2020లో మహమ్మారి వల్ల ఐరోపా ఫుట్‌బాల్ లీగ్‌లు ఖాళీ మైదానాల్లో జరిగినప్పుడు సొంతగడ్డపై ఆడే జట్లకు ఉండే మొగ్గు తగ్గింది, పర్యాటక జట్లకు రిఫరీలు చూపే పసుపు కార్డులూ తగ్గాయి. అంటే మన గొంతుకు బలం ఉంది. చప్పట్లు ఆటగాడికి ఊపిరిపోస్తాయని నమ్ముతూ, గేలి మాత్రం కోట్లు తీసుకునే వృత్తి ఆటగాళ్లను ఏమీ చేయదని వాదించడం కుదరదు.

డబ్బు ఎక్కువ తీసుకుంటున్నారు కాబట్టి పడాల్సిందేనన్న వాదనకు ఫిలడెల్ఫియాలోనే జవాబు ఉంది. అమెరికాలో సొంత ఆటగాళ్లను సైతం వదలని ప్రేక్షకులుగా ఆ నగరవాసులకు పేరు. పదకొండేళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందంతో అక్కడి బేస్‌బాల్ జట్టు ఫిలీస్‌లో చేరిన ట్రే టర్నర్ 2023లో దారుణంగా విఫలమయ్యాడు, గేలినీ ఎదుర్కొన్నాడు. ఆగస్టు మొదట్లో సొంత మైదానంలో అతను బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు, అభిమానులు ముందుగా అనుకుని మరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అతని బ్యాటింగ్ ఎంతగానో మెరుగుపడింది. నగరంలో హోర్డింగులు పెట్టించి మరీ అభిమానులకు ధన్యవాదాలు చెప్పాడు. చప్పట్లు లేకపోయినా అతను కోలుకునేవాడేమో, ఆ మాట నేను కొట్టిపారేయను. కానీ ఎంత జీతం తీసుకునేవాడైనా, తాను విఫలమవుతున్నానని అందరికన్నా ముందు అతనికే తెలుస్తుంది. తెలిసిన సంగతినే వేల గొంతులతో మళ్లీ చెప్పడం వల్ల అతని చేతికి వచ్చే కొత్త విద్య ఏమీ ఉండదు.

1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో భారత్ 8 వికెట్లకు 120 పరుగుల వద్ద కుప్పకూలుతున్నప్పుడు ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు విసిరి, మంటలు పెట్టి, మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేసే పరిస్థితి తెచ్చినవారిని నేను ఈ చర్చలోకే తీసుకురాను. సెల్ఫ్ గోల్ చేసిన కొద్ది రోజులకే 1994లో కొలంబియా ఆటగాడు ఆంద్రెస్ ఎస్కోబార్ హత్యకు గురైన ఘటనను కూడా. అవి నేరాలు, అభిమానానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న అక్కడ లేదు.

గేలిని సమర్థించేవారు తరచూ గుర్తుచేసే మాట సునీల్ ఛెత్రిది. 2018 జూన్‌లో చైనీస్ తైపీపై భారత ఫుట్‌బాల్ జట్టు 5-0తో గెలిచిన మ్యాచ్‌ను ముంబయిలో చూసినవారు మూడు వేల మంది కూడా లేరు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ ఇంటర్నెట్‌లో కాదు, మైదానానికి వచ్చి మా ముఖం మీదే అనండి అని కెప్టెన్ ఛెత్రి వీడియోలో వేడుకున్నాడు. ఆ వీడియోను పూర్తిగా వినాలి. ఎప్పటికైనా మీ మనసు మార్చగలమేమో, మీరు మాకోసం అరవడం మొదలుపెడతారేమో అన్న ఆశ కూడా అందులోనే ఉంది. ప్రేక్షకుల కోసం మొహం వాచిన ఆటకు కెప్టెన్‌గా అతను ఆ మాట అన్నాడు. ఆ ఆహ్వానాన్ని, నిండిన గ్యాలరీల ముందు ఆడే కుర్రాడిని వెంటాడటానికి లైసెన్సుగా చూపించడం ఛెత్రికి అన్యాయం చేయడమే.

కోపాన్ని సరైన చోటికి చేర్చడం సాధ్యమేనని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ అభిమానులు నిరూపించారు. 2016లో కొత్త స్టాండులో అత్యధిక టికెట్టు ధరను 77 పౌండ్లుగా యాజమాన్యం ప్రకటించినప్పుడు, ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో వేలాది మంది లేచి బయటకు నడిచారు. అప్పటికి 2-0తో ముందున్న జట్టు చివరకు డ్రాతో సరిపెట్టుకుంది కాబట్టి ఆ నిరసనలో ఆటగాళ్లకు ఏ నష్టమూ జరగలేదని చెప్పలేను. అయినా ఎవరినీ పేరు పెట్టి అవమానించకుండానే, ఎవరికి చెప్పాలో వారికే చెప్పారు. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను ఉపసంహరించుకున్నారు. 2021 ఏప్రిల్‌లో ఐరోపాలోని పన్నెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ పేరుతో తమ సొంత టోర్నీని ప్రకటించినప్పుడు, అభిమానుల ఆగ్రహానికి ఆరు ఇంగ్లండ్ క్లబ్బులూ మూడు రోజులైనా గడవకముందే వెనక్కు తగ్గాయి.

ఫ్రాంచైజీ క్రీడలో అలాంటి మార్గం మనకెక్కడుందని ఒక ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్న. జర్మన్ ఫుట్‌బాల్‌లో, కొన్ని మినహాయింపులు ఉన్నా, 50+1 నిబంధన ప్రకారం క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలి. అక్కడ కోపం ఓటు రూపంలో బోర్డు దాకా వెళుతుంది. ఐపీఎల్ అభిమానికి సభ్యత్వమూ లేదు, ఓటూ లేదు. కెప్టెన్ మారాడన్న సంగతి అతనికి ప్రకటన ద్వారా తెలుస్తుంది, అంతే. కానీ మార్గం బొత్తిగా లేదనడం నిజం కాదు. 2023 డిసెంబరులో ఆ ప్రకటన వెలువడిన వెంటనే ముంబయి ఇండియన్స్ సోషల్ మీడియా ఖాతాలను అభిమానులు పెద్ద సంఖ్యలో వదిలి వెళ్లారు. అది నిర్ణయం తీసుకున్నవారికి నేరుగా అందిన నిరసన, వారి వ్యాపారాన్ని తాకే నిరసన. దాన్ని అక్కడే పట్టుబట్టి కొనసాగించి, జెర్సీలు కొనడం మానేసి, మాట్లాడటానికి అభిమానుల సంఘాలను పిలవమని యాజమాన్యాన్ని అడిగి ఉంటే నేనూ వారితో గొంతు కలిపేవాడిని. మార్చి వచ్చేసరికి ఆ కోపం యజమానులను వదిలేసి, వారు నియమించినవాడి మీదకు మళ్లింది.