వీసెమెత్తు గర్వం లేదట!

నిన్న సాయంత్రం శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటో ఆగినప్పుడు ఎదురుగా ఒక ఫ్లెక్సీ కనబడింది. మనిషి పేరు చెప్పను. నిలువెత్తు ఫొటో, చేతులు జోడించి నవ్వు, కింద ‘వీసెమెత్తు గర్వం లేని మా అన్న’ అని రాసుంది. అంటే అరవీసె ఉండొచ్చన్నమాట, మరి అది కూడా తక్కువేం కాదు!

వీసె అంటే ఏంటో ఈ తరానికి తెలీదు కదా, తెలిసినవాళ్లు చెప్పడం మానేశారు. వీసె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో కిలోన్నరకి కాస్త తక్కువ. ఎనిమిది వీసెలు కలిస్తే మణుగు. మా నాయనమ్మ చింతపండు, బెల్లం వీసెల్లోనే చెప్పేది, కిలోలు వచ్చి ఎన్నేళ్లయినా సరే. ‘వీసె అంటే ఏటనుకున్నావురా, ఎత్తి చూడు, తెలుస్తాది’ అనేది.

ఫ్లెక్సీలో ఉండాల్సింది వీసం. పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలు ఉన్న రోజుల్లో, అంటే 1957లో నయాపైసలు రాకముందు, రూపాయిలో వీసం అంటే అణా. తులంలో వీసం తీస్తే ముప్పావు గ్రాము కూడా రాదు. ఎత్తు అంటే ఇక్కడ పొడవు కాదు, బరువు. కంసాలి దగ్గర గురివింద గింజెత్తు, కాసెత్తు అంటాం చూడండి, ఆ ఎత్తు. అలా వీసమెత్తు అంటే వీసం బరువు. దాన్ని వీసె చేస్తే, తులం లెక్కన చూసుకున్నా 1920 రెట్లు పెరిగింది. ఒక్క ఎత్వానికి!

ఈ రెండు మాటలూ ఒకే బజారులో తిరిగినవి కాబట్టి కలిసిపోయాయి, అది నాకు అర్థమవుతుంది. వినడానికి దగ్గరగా ఉంటాయి, చూసిన తూకం ఒక్కటీ లేదు, ఇక నోటికొచ్చింది రాస్తారు. ఇసుమంతకి ఈ బాధ లేదు, ఎందుకంటే ఇసుము అంటే ఇసుక అని ఎవరైనా పట్టేస్తారు. (నాగావళిలో ట్రాక్టర్లు దిగడం చూసినవాళ్లకి ఇసుమంత అంటే ఎంతో నేను చెప్పక్కర్లేదు.) రవ్వంత, పిసరంత, ఆవగింజంత కూడా అంతే, వస్తువు కళ్లముందు ఉంది కాబట్టి మాట చెడలేదు. నలుసు చూడండి ఎంత బాగుంటుందో, కంట్లో పడితే దుమ్ము, కడుపులో పడితే బిడ్డ. పాపం వీసం ఒక్కటే అనాథ అయిపోయింది.

ఇది వాట్సాప్‌లో పెడితే ఒక బావగారు వెంటనే తగులుకున్నారు. ‘గిడుగు పుట్టిన జిల్లాలో కూర్చుని స్పెల్లింగు పట్టుకుని ఏడవడమేటి బావా, జనం ఎలా అంటే అదే తెలుగు’ అని. గిడుగు రామమూర్తిగారు మన పర్వతాలపేటలోనే పుట్టారు, 1863లో, కాదనలేదు. కానీ ఆయన అడిగింది నోట్లో ఉన్న మాటని కాగితం మీదికి రానివ్వమని. ఈ వీసెమెత్తుని మా ఊళ్లో ఏ ముసలాయనా అనగా నేను వినలేదు, అందరూ వీసమెత్తు అనే అంటారు. ఇది కాగితం మీదే పుట్టింది, తప్పుగా పుట్టింది. దీన్ని వాడుక భాష అని గిడుగు పేరు అడ్డం పెట్టడం నాకైతే నచ్చలేదు. బావగారు దానికి జవాబివ్వలేదు, బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

ఇక ఉండబట్టలేక ఇవాళ పొద్దున్న ఆ ఫ్లెక్సీ వేసిన కొట్టుకే వెళ్లాను. కుర్రాడు మంచోడే, ఓపిగ్గా విన్నాడు, కంప్యూటర్‌లో ఫైల్ తెరిచి ఎత్వం తీసెయ్యబోయాడు, చెయ్యి ఆపాడు.

‘వీసం ఏటండీ సార్, వీసా అని కొట్టమంటారా? అన్నగారబ్బాయి అమెరికా ఎల్తన్నాడు కదా.’