ఒకటో తరగతి టీచరుకు ఓటెందుకు లేదు?

ప్రహరీ గోడ ఒక్కటే. ఇటు జిల్లా పరిషత్ హైస్కూల్, అటు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. మధ్యలో ఒక వేపచెట్టు. మధ్యాహ్న భోజనం బెల్ కొట్టగానే రెండు కార్లు వచ్చి ఆగాయి. టీచర్ ఎమ్మెల్సీ అభ్యర్థి దిగి, పదిమందిని వెంటేసుకుని హైస్కూల్ స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లారు. దండాలు, పాంప్లెట్లు, కొత్త సంవత్సరం డైరీలు, జీతాలు సవరించే పీఆర్సీ మీద పది నిమిషాల మాటలు. మళ్లీ కారెక్కేశారు. వేపచెట్టు దాటి అటువైపు ఎవరూ అడుగు పెట్టలేదు. అక్కడ ఇద్దరు ఎస్జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లు, అయిదు తరగతులు నెట్టుకొస్తున్నారు. వాళ్లలో ఒకావిడ నవ్వుతూ అంది: ‘మా వైపెందుకొస్తారు సార్, మాకు ఓటు లేదుగా. డైరీ కూడా రాదు.’

టీచర్ ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చినప్పుడల్లా చర్చంతా అభ్యర్థి చుట్టూనే. సంఘం మనిషా, పార్టీ మనిషా? 2025 ఫిబ్రవరి 27న జరిగిన పోలింగ్‌లోనూ అంతే. ఉత్తరాంధ్రలో పీఆర్‌టీయూ అనే టీచర్ల సంఘం తరఫున నిలబడ్డ గాదె శ్రీనివాసులు నాయుడు, అధికార కూటమి మద్దతున్న సిట్టింగ్ ఎమ్మెల్సీ పాకలపాటి రఘువర్మను ఓడించారు. వరంగల్-ఖమ్మం-నల్గొండలో పీఆర్‌టీయూ అభ్యర్థి పింగిలి శ్రీపాల్ రెడ్డి, మరో టీచర్ల సంఘం యూటీఎఫ్ నేత అలుగుబెల్లి నర్సిరెడ్డి మీద గెలిచారు. మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్‌లో బీజేపీ అభ్యర్థి మల్క కొమరయ్య గెలిచారు. ఆయన విద్యాసంస్థల అధిపతి.

టీచర్ల సీటులో స్కూళ్ల యజమాని ఏమిటని అప్పట్లో కొందరు ముక్కున వేలేసుకున్నారు. చట్టం తెలిస్తే ఆశ్చర్యమేమీ ఉండదు. ఇది టీచర్లు ఓటేసే సీటే గానీ, టీచర్లే నిలబడాల్సిన సీటు కాదు. 30 ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటు ఉంటే ఎవరైనా నామినేషన్ వేయొచ్చు. తమాషా ఏమిటంటే, సర్వీసులో ఉన్న ప్రభుత్వ టీచరు మాత్రం ఉద్యోగం వదులుకోకుండా నిలబడలేడు. హైస్కూల్లో పాఠం చెప్పే నలభై ఏళ్ల స్కూల్ అసిస్టెంట్ ఇరవై ఏళ్ల సర్వీసు వదిలేసి ఈ జూదం ఎందుకు ఆడతాడు? డిపాజిట్ పదివేలే, అది లెక్క కాదు. మూడు నాలుగు పాత జిల్లాలు తిరగాలి. పైగా ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలకు ఉన్నట్టు ఇక్కడ ఖర్చుకు పరిమితే లేదు. అందుకే బరిలో కనిపించేది రిటైరైనవాళ్లు, సంఘాల పెద్దలు, లేదంటే డబ్బున్నవాళ్లు.

అయినా నాకు అభ్యర్థి కంటే ఓటరు జాబితా మీదే ఎక్కువ ఫిర్యాదు. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసన మండలిలో సుమారు పన్నెండో వంతు సీట్లు టీచర్లు ఎన్నుకునేవి. ఆంధ్రప్రదేశ్‌లో 58కి 5, తెలంగాణలో 40కి 3. ఓటు హక్కు ‘సెకండరీ స్కూల్ స్థాయికి తగ్గని’ విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్లు బోధించినవారికే. ఆ ఒక్క మాటతో ఓనమాలు దిద్దించే టీచరు జాబితాలోంచి జారిపోయింది. డిగ్రీ లెక్చరరుకు ఓటుంది, ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరుకూ ఉంది. పలక పట్టించినామెకు లేదు.

‘డిగ్రీ ఉంటే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఉందిగా’ అంటారు. ఉంది. కానీ కరీంనగర్ వైపు రెండు ఎన్నికలూ ఒకే రోజు జరిగాయి. అక్కడ డిగ్రీ ఉన్న హైస్కూల్ టీచరు రెండు జాబితాల్లోనూ పేరు రాయించుకుని రెండు ఓట్లు వేయొచ్చు. అంతే చదువున్న ఎస్జీటీ మాత్రం ఒక్క ఓటేసి ఇంటికెళ్లాలి. ఆ ఒక్కటీ మూడున్నర లక్షల పట్టభద్రుల గుంపులో కలిసిపోతుంది. టీచర్ల జాబితాలో ఉన్నది 27 వేల చిల్లర మందే. అభ్యర్థి పేరు పెట్టి పిలిచి పలకరించేది ఈ రెండో జాబితాలోని మనిషినే.

ప్రైవేటు టీచర్లది మరో బాధ. హైస్కూల్లో చెప్తే వాళ్లకూ ఓటుంది, కాగితం మీద. గత ఆరేళ్లలో మొత్తం మూడేళ్లు పనిచేసినట్టు, ఓటు నమోదుకు ఇచ్చే ఫారం-19తో పాటు స్కూల్ హెడ్ సంతకం చేసిన సర్టిఫికెట్ పెట్టాలి. జూన్ వస్తే స్కూలు మారే బతుకులు వాళ్లవి. వదిలేసి వచ్చిన స్కూలుకు తిరిగి వెళ్లి సంతకం అడగడమంటే ఎంత టెన్షనో అడిగినవాళ్లకే తెలుసు. ఇచ్చే యాజమాన్యమైనా ఊరికే ఇస్తుందా? ఓటు ఎవరికో కూడా చెబుతుంది.

దీని ఫలితం మండలి చర్చల్లో కనిపిస్తుంది. సీపీఎస్ పెన్షన్, డీఏ బకాయిలు, ప్రమోషన్లు, బదిలీలు. తప్పేం కాదు, అడగాల్సినవే. కానీ రెండో తరగతి పిల్లాడికి చదవడం ఎందుకు రావడం లేదు, ఒక టీచరు అయిదు తరగతులు ఎలా చెప్తుంది అన్న ప్రశ్నలకు ఓట్లు లేవు. సంఘాలు ఎస్జీటీల సభ్యత్వ రుసుం తీసుకుంటాయి, ధర్నాకు పిలుస్తాయి. ఓటు హక్కు మాట మహాసభ తీర్మానంలో ఒక వాక్యమై మిగిలిపోతుంది.

‘ఎస్జీటీలకు ఓటివ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలండీ, అయ్యే పనేనా’ అని ఒక సంఘం నాయకుడు నాతో పెదవి విరిచారు. అదే 171వ అధికరణ రెండో క్లాజు ఆయన చదవలేదేమో. పార్లమెంటు చట్టం ద్వారా మరోలా నిర్దేశించేదాకానే ఈ కూర్పు అని అందులో ఉంది. అంటే మామూలు చట్టం చాలు, మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు.

కృష్ణా-గుంటూరు, ఉభయ గోదావరి టీచర్ సీట్ల గడువు 2027 మార్చితో ముగుస్తుంది. దానికి ముందు నవంబర్ 1 అర్హత తేదీగా కొత్త జాబితా మొదటి నుంచి తయారవుతుంది. ఫారం-19 కట్టలు హైస్కూళ్లకు చేరతాయి. కార్లు మళ్లీ వేపచెట్టు దగ్గరే ఆగుతాయి.