ఫ్లాట్ నంబర్ 302

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌కి ఒక వెబ్‌సైట్ ఉంది. మెయింటెనెన్స్ కట్టుకోవడానికి, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చూసుకోవడానికి పెట్టుకున్నాం. మొన్న జనరల్ బాడీ మీటింగ్‌లో దాని హోదా పెంచుతూ ఏకగ్రీవంగా తీర్మానించాం. ఇకపై అది ఐడెంటిటీ ప్రొవైడర్. జిమ్ యాప్, పక్క వీధి కర్రీ పాయింట్ యాప్, ట్యూషన్ మాస్టారి సైట్, అన్నిటికీ మా లాగిన్ ఒక్కటే చాలు. గూగుల్ చేస్తున్నదీ ఇదే. కాకపోతే వాళ్లది కొండంత కంపెనీ. మాకున్నవి రెండు లిఫ్టులు, ఒక జనరేటర్. జనరేటర్ పనిచేస్తుంది కూడా.

దీని అవసరం గురించి ఎవరికీ అనుమానం అక్కర్లేదు. సింహాచలం అప్పన్న ఏడాదికి ఒక్కసారి, అక్షయ తృతీయ నాడు నిజరూపం చూపిస్తాడు. మిగతా రోజులన్నీ చందనం పూతలోనే. మనం మాత్రం రోజుకు పదిసార్లు, పది పాస్‌వర్డ్‌లతో నిజరూపం చూపించుకోవాలి. ఇదేం న్యాయం?

కమిటీలో కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనేనని పని నాకు అప్పగించారు. (తెలుసని నేనెప్పుడూ అనలేదు. ఆఫీసు రుషికొండ ఐటీ పార్కులో అన్నానంతే.) పద్ధతి సులువే. జిమ్ యాప్ మిమ్మల్ని పాస్‌వర్డ్ అడగదు, మా గుమ్మానికి పంపిస్తుంది. మేం చూసి, ఒకే ఒక్కసారి చెల్లే కోడ్ ఇచ్చి వెనక్కి పంపిస్తాం. జిమ్ సర్వర్ ఆ కోడ్‌నీ, తన రహస్య కీనీ మాకు చూపిస్తే, ‘ఈయన మావాడే’ అని సంతకం చేసిన టోకెన్ ఇస్తాం. పెళ్లి సంబంధానికి వచ్చి, పిల్లవాడి సంగతి మేనమామని వాకబు చేసినట్టన్నమాట. ఈ పద్ధతి పేరు ఓపెన్‌ఐడీ కనెక్ట్, 2014 నాటిది. దానికి పునాది 2012 నాటి ఓఆథ్ 2.0. అంతకంటే పాతది, 2005 నాటి సామెల్ 2.0 కూడా ఉందని మీటింగ్‌లో చెబితే, ప్రెసిడెంట్ గారు “సామ్యూల్ ఎంతకి చేస్తానన్నాడు?” అని అడిగారు.

తిరిగి పంపాల్సిన అడ్రస్ చివర జిమ్ వాళ్లు ఒక గీత పెట్టారు, నేను పెట్టలేదు. అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ గీత కోసం మూడు సాయంత్రాలు పోయాయి. తర్వాత మా సర్వర్ గడియారం ఏడు నిమిషాలు ముందుకు పరిగెత్తింది. మీ టోకెన్ ఇంకా పుట్టనే లేదని జిమ్ సర్వర్ తిప్పికొట్టింది. ఇవన్నీ చిన్నవి.

అసలు కథ 302ది. టోకెన్‌లో ‘సబ్’ అని ఒక గడి ఉంటుంది, మనిషి ఎవరో చెప్పే గుర్తు. ఒకరికిచ్చిన గుర్తు ఎప్పటికీ ఇంకొకరికి ఇవ్వకూడదని నియమం. నేను ఫ్లాట్ నంబర్ ఇచ్చాను. మా దగ్గర మనుషులకు పేర్లుండవు కదా, 302 ఆంటీ, 104 అంకుల్, అంతే. మే నెలలో 302 వాళ్లు ఖాళీ చేసి గాజువాక వెళ్లిపోయారు, కొత్తవాళ్లు దిగారు. కొత్త మేడమ్ జిమ్ యాప్ తెరవగానే, “మళ్లీ స్వాగతం, నడుము 44 అంగుళాలు, ఇంకా ఆరు తగ్గాలి” అంది. కర్రీ పాయింట్ యాప్, శనివారం మామూలుగా తీసుకునే రెండు చికెన్ ఫ్రైలు పంపమంటారా అని అడిగింది. ఆవిడ శనివారం ఒంటిపూట. ట్యూషన్ సైట్ ఆవిడకి లేని కొడుక్కి లెక్కల్లో 11 మార్కులు వేసింది.

ఆవిడ కిందికొచ్చారు. నేను ఓపిగ్గా వివరించాను: టోకెన్ గడువు తీరలేదు, సంతకం సరిపోయింది, సాంకేతికంగా ఎక్కడా లోపం లేదు.

“సంతకం మాట తర్వాతండీ, ముందు నా నడుము సంగతి తేల్చండి” అన్నారావిడ.

వాచ్‌మన్ అటుగా వెళ్తూ ఆగాడు. “పాతోల్లు ఎల్లిపోనారు కదండి బాబూ, ఈల్లు కొత్తోల్లు” అన్నాడు. అతని దగ్గర టోకెన్ లేదు కాబట్టి ఆ వాంగ్మూలాన్ని కమిటీ పరిగణనలోకి తీసుకోలేదు.

సర్వర్ మీటర్ బోర్డు పక్క గదిలో ఉంటుంది. కరెంటు పోతే జిమ్, కర్రీ పాయింట్, ట్యూషన్ మూడూ ఒకేసారి మూత. జనరేటర్ లిఫ్టులకే వాడాలని బైలాస్‌లో రాసుకున్నాం. ట్యూషన్ పిల్లలు ఇప్పుడు సాయంత్రమైతే మీటర్ బోర్డు దగ్గర ఆశగా కూర్చుంటున్నారు.

ఇంతలో ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్లకు రోషం వచ్చింది. వాళ్లూ ప్రొవైడరే అయ్యారు. మా వాళ్లు వాళ్ల కమ్యూనిటీ హాల్ బుక్ చేసుకోవాలంటే మా లాగిన్ ఒప్పుకోండని అడిగాం. మీరే మా లాగిన్ ఒప్పుకోండన్నారు. గుర్తింపు ఇచ్చే పెద్దరికం అందరికీ కావాలి, ఇంకొకరి మాట నమ్మడం ఎవరికీ వద్దు. చివరికి మధ్యేమార్గంగా ఎవరొచ్చినా మేం వాళ్ల దగ్గరికి, వాళ్లు మా దగ్గరికి పంపేలా అమర్చాం.

నిన్న పరీక్షించి చూశాం. బ్రౌజర్ అటూ ఇటూ కాసేపు తిరిగి చేతులెత్తేసింది. ‘ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లు’ అనడానికి వెబ్‌లో ఒక కోడ్ నంబర్ ఉంది. సర్వర్ రాసుకునే చిట్టా, అదే లాగ్, ప్రింట్ తీస్తే నిండా వరసగా అదే పడింది: 302, 302, 302. ఆ కాగితం నోటీసు బోర్డుకి అంటించమంటున్నారు ప్రెసిడెంట్ గారు. మూడో అంతస్తు మేడమ్ ఊరెళ్లేదాకా ఆగుదామని నేనంటున్నాను.